పాస్‌వర్డ్ మేనేజర్ ఏది తీసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మీ పాస్‌వర్డ్‌లన్నీ తాళం వేసి దాచి, కావాల్సినప్పుడు తీసిచ్చే యాప్‌ని పాస్‌వర్డ్ మేనేజర్ అంటారు. దాని గురించి నన్ను అడిగేవాళ్ళు మారుతున్నా, అడిగే సందేహాలు మారడం లేదు. ఒకరికి గంటసేపు ఫోన్‌లో చెప్పిన విషయమే వారం తిరక్కుండా ఇంకొకరికి చెప్పాల్సి వస్తోంది. అందుకే వాటన్నిటినీ దశలవారీగా ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న దగ్గరికి వెళ్ళినా దాని జవాబు అక్కడే పూర్తవుతుంది.

అందరూ మొదట అడిగేది "దొంగ లోపలికి రాగలడా?" అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ నేను కళ్ళారా చూసినంతలో దొంగ లోపలికి రావడం తక్కువ, సొంతదారే తాళంచెవి పోగొట్టుకుని బయట నిలబడిపోవడం ఎక్కువ. కాబట్టి ఏ మేనేజర్‌ని చూసినా, అన్నీ పోయిన రోజున అందులోకి మళ్ళీ ఎలా వెళ్తారన్నది చూసి ఎంచుకోమని చెబుతాను.

## ఇంకా మొదలుపెట్టనివాళ్ళకి

నా పాస్‌వర్డ్ చాలా గట్టిది, అన్నిచోట్లా అదే వాడతాను. ఇంకా మేనేజర్ ఎందుకు?

పాస్‌వర్డ్ ఎంత గట్టిగా పెట్టాలన్నది మీ చేతిలో ఉంది. దాన్ని ఎలా దాచాలన్నది ఆ సైటు చేతిలో ఉంది. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. ఆ సంస్థ వాటిని ఏ ఎన్‌క్రిప్షనూ (తాళంచెవి ఉంటే తప్ప చదవలేని రూపంలోకి మార్చడం) లేకుండా, ఉన్నవి ఉన్నట్టే దాచింది. ఇరవై అక్షరాలు పెట్టుకున్నవాళ్ళూ, 123456 పెట్టుకున్నవాళ్ళూ ఆ రోజు ఒకేలా నష్టపోయారు. ఇలా లీకైన ఈమెయిల్, పాస్‌వర్డ్ జతలను ప్రోగ్రాములతో వందల సైట్లలో వరసగా ప్రయత్నిస్తారు. దీన్ని క్రెడెన్షియల్ స్టఫింగ్ అంటారు. ఎప్పుడో ఒకసారి రిజిస్టర్ చేసి మరచిపోయిన చిన్న సైటు వల్ల అసలు ఈమెయిలే పోవడం ఇలాగే జరుగుతుంది. సైటుకో పాస్‌వర్డ్ ఉంటే నష్టం ఆ సైటుతోనే ఆగుతుంది. అన్ని పాస్‌వర్డ్‌లు ఎవరికీ గుర్తుండవు కాబట్టే ఈ సాధనం పుట్టింది.

నోటుబుక్‌లో రాసుకుంటున్నాను. తప్పా?

తప్పేమీ కాదు. నెట్‌లోంచి వచ్చే దొంగ మీ బీరువాలో ఉన్న పుస్తకాన్ని చదవలేడు. నాలుగైదు ఖాతాలు మాత్రమే ఉన్న పెద్దవాళ్ళకి నేను పుస్తకమే చాలంటాను, ఒక్కో ఖాతాకి ఒక్కో పాస్‌వర్డ్ రాసుకుంటే. ఖాతాలు పెరిగేకొద్దీ ఇబ్బంది మొదలవుతుంది. చూసి టైపు చేయడం విసుగనిపించి పాస్‌వర్డ్‌లు పొట్టివవుతాయి, తర్వాత ఒకేలా తయారవుతాయి. పైగా దొంగ సైటులో మీరు పాస్‌వర్డ్ కొడుతుంటే పుస్తకం మిమ్మల్ని ఆపలేదు. అది తడిసినా, ప్రయాణంలో పోయినా రెండో ప్రతి ఉండదు.

అన్నీ ఒకేచోట పెడితే, అది పోయినప్పుడు అన్నీ పోయినట్టే కదా?

ఈ భయం న్యాయమైనదే. అయితే మీవన్నీ ఇప్పుడు కూడా ఒకేచోట ఉన్నాయి. అది మీ ఈమెయిల్. అది చేజిక్కినవాడు "పాస్‌వర్డ్ మరచిపోయారా?" అన్న లింకు నొక్కుకుంటూ ఒక్కో ఖాతాలోకీ వెళ్ళగలడు. ఆ ఈమెయిల్‌ని ఇప్పుడు కాపాడుతున్నది బహుశా ఏళ్ళ క్రితం పెట్టిన ఒక పాస్‌వర్డ్. ఉన్న ముప్పును గట్టి తలుపు ఉన్న గదిలోకి మార్చుకోవడమే మేనేజర్ పెట్టుకోవడమంటే. ఇంకా వెనకాడుతుంటే ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు రెండూ కాగితం మీద ఉంచుకుని మిగతావి మేనేజర్‌లో పెట్టండి. నమ్మకం కుదిరాక అవీ చేర్చుకోవచ్చు.

ఆ కంపెనీవాళ్ళు నా పాస్‌వర్డ్‌లన్నీ చదవలేరా?

సరిగా కట్టిన మేనేజర్‌లో చదవలేరు. మేనేజర్‌ని తెరిచే ఒకే ఒక్క పాస్‌వర్డ్‌ని మాస్టర్ పాస్‌వర్డ్ అంటారు. దాని నుంచి మీ ఫోన్‌లోనే ఒక తాళంచెవి తయారవుతుంది. దానితో మీ వాల్ట్ (మీ పాస్‌వర్డ్‌లన్నీ ఉండే పెట్టె) అక్కడే ఎన్‌క్రిప్ట్ అయి, ఆ తర్వాతే సర్వర్‌కి వెళుతుంది. కంపెనీ దగ్గర ఉండేది తెరవలేని మూట. దీన్ని జీరో నాలెడ్జ్ అంటారు. దీనికో మూల్యం ఉంది: వాళ్ళు తెరవలేరంటే, మీరు మరచిపోయిన రోజున మీ కోసం కూడా తెరవలేరు. "మరచిపోయినా ఫర్వాలేదు, మేం తీసిస్తాం" అని ఏ మేనేజర్ చెప్పినా, ఆ రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి.

## ఎంచుకునేటప్పుడు

ఇన్ని పేర్లు చదివే ఓపిక లేదు. ఒక్కటి చెప్పండి.

బిట్‌వార్డెన్. 2016 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. ఉచిత ప్లాన్‌లోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని పరికరాల్లోనైనా వాడుకోవచ్చు. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మాక్, లినక్స్ అన్నిటిలో పనిచేస్తుంది. మీ ఇంట్లో అన్నీ ఆపిల్ పరికరాలే అయి, అలాగే కొనసాగే ఉద్దేశం ఉంటే ఆపిల్ పాస్‌వర్డ్స్ యాప్ చాలు. డబ్బు కట్టడానికి అభ్యంతరం లేక, కుటుంబం మొత్తాన్ని ఎక్కించాలనుకుంటే వన్‌పాస్‌వర్డ్. నా డేటా ఏ సర్వర్‌కీ వెళ్ళకూడదు, బ్యాకప్ సంగతి నేనే చూసుకుంటాను అంటే కీపాస్ఎక్స్‌సీ. ఈ నాలుగింటిలో ఏది తీసుకున్నా ఇప్పుడున్న స్థితికంటే మేలే. పోలికలు చదువుతూ మూడు నెలలు గడిపి, ఆ మూడు నెలలూ పాత పాస్‌వర్డే అన్నిచోట్లా వాడుతున్నవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

క్రోమ్, ఐఫోన్ ఎలాగూ సేవ్ చేస్తున్నాయి కదా? అవి చాలవా?

చాలామందికి చాలు. బ్రౌజర్‌లో సేవ్ చేయడమంటే అజాగ్రత్త అన్న మాట ఈ రోజుల్లో సరికాదు. ఆపిల్ పరికరాల్లో పాస్‌వర్డ్‌లు దాచే ఐక్లౌడ్ కీచెయిన్ 2013 నుంచి ఉంది, 2024 సెప్టెంబర్‌లో అది పాస్‌వర్డ్స్ అనే విడి యాప్‌గా వచ్చింది. గూగుల్ మేనేజర్ సెట్టింగ్‌లలో ఆన్-డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే మీ పాస్‌వర్డ్‌లను గూగుల్ కూడా చదవలేదు.

ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. మొదటిది, ఒకే కంపెనీకి కట్టుబడిపోతారు. ఆపిల్ యాప్ విండోస్‌లో కొంతవరకు పనికొస్తుంది గానీ ఆండ్రాయిడ్‌లో లేదు. రెండోది ఇంకా ముఖ్యం: ఇవి తెరుచుకునేది చాలావరకు ఫోన్ పిన్‌తో. నాలుగంకెల పిన్ భుజం మీదుగా చూసి, ఫోన్ లాక్కుపోయినవాడికి మీ పాస్‌వర్డ్‌లన్నీ దొరుకుతాయి. దీనికోసమే ఆపిల్ 2024 జనవరిలో, పిన్ ఒక్కటే చాలకుండా ముఖమో వేలిముద్రో అడిగే స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్ ఐఫోన్‌లో తెచ్చింది. అది ఆన్ చేసి, పిన్‌ని ఆరంకెలకో, ఇంకా పొడవుకో మార్చుకున్నాక ఈ అంతర్గత మేనేజర్లను నిశ్చింతగా వాడండి.

బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ మధ్య తేల్చుకోలేకపోతున్నాను.

భద్రతలో రెండూ మంచివే. వన్‌పాస్‌వర్డ్‌లో మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు సీక్రెట్ కీ అని 128 బిట్ల కోడ్ ఒకటి మీ పరికరంలో తయారవుతుంది. కొత్త పరికరంలో లాగిన్ కావాలంటే రెండూ ఉండాలి. కంపెనీ సర్వర్ నుంచి మీ వాల్ట్ దొంగిలించినా, మీ మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనమైనదే అయినా, ఆ కీ లేకుండా తెరవడం కుదరదు. బిట్‌వార్డెన్‌లో ఈ అదనపు కవచం లేదు, భారమంతా మీ మాస్టర్ పాస్‌వర్డ్ మీదే. అదే వేరే వైపు నుంచి చూడండి: కొత్త ఊళ్ళో ఫోన్ పోయినప్పుడు బిట్‌వార్డెన్‌లోకి గుర్తున్న పాస్‌వర్డ్‌తో వెళ్ళే వీలుంటుంది, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో తనిఖీ) దాటించే రికవరీ కోడ్ దగ్గరుంటే. వన్‌పాస్‌వర్డ్‌కి సీక్రెట్ కీ ఉన్న ఎమర్జెన్సీ కిట్ కాగితం ఎక్కడుందో తెలియాలి.

కాగితాలు జాగ్రత్త చేసే అలవాటున్నవాళ్ళకి వన్‌పాస్‌వర్డ్ నప్పుతుంది. ఆరు మాటల పాస్‌వర్డ్ కంఠతా పట్టగలిగినవాళ్ళకి బిట్‌వార్డెన్ చాలు. వాడకంలో వన్‌పాస్‌వర్డ్ కాస్త నునుపుగా ఉంటుంది, ఆటోఫిల్ (లాగిన్ పెట్టెలను మేనేజరే నింపడం) తడబడడం తక్కువ. దానికి ఉచిత ప్లాన్ లేదు.

కీపాస్ అన్నిటికంటే భద్రం అంటారు. నిజమేనా?

క్లౌడ్ అనేదే లేదు కాబట్టి ఒక కంపెనీని హ్యాక్ చేసి మీ వాల్ట్ పట్టుకుపోయే అవకాశం ఉండదు. ఆ అర్థంలో నిజమే. 2003లో మొదలైన కీపాస్‌లో మీ పాస్‌వర్డ్‌లన్నీ మీ దగ్గరే ఒక ఎన్‌క్రిప్టెడ్ ఫైలుగా ఉంటాయి. కంప్యూటర్‌లో కీపాస్ఎక్స్‌సీ, ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్, ఐఫోన్‌లో స్ట్రాంగ్‌బాక్స్ లేదా కీపాసియం అదే ఫైలును తెరుస్తాయి.

కానీ ఆ ఫైలుకి కాపలా మీరే. హార్డ్ డిస్క్ పాడైతే రెండో ప్రతి ఉందా? ఫోన్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి మార్చినప్పుడు ఏది కొత్తదో తెలుస్తుందా? కనీసం మూడు ప్రతులు, అందులో ఒకటి ఇంటి బయట ఉంచే క్రమశిక్షణ మీకుంటే ఇంతకంటే మంచిది లేదు. లేకపోతే దొంగ పట్టుకుపోవడానికంటే ముందే ఫైలు పాడైపోతుంది.

ఉచితంగా ఇచ్చేదాన్ని నమ్మొచ్చా? వాళ్ళకి లాభమేంటి?

డబ్బు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. బిట్‌వార్డెన్, ప్రోటాన్ పాస్ లాంటివి ప్రీమియం ప్లాన్‌ల మీద, సంస్థల మీద సంపాదిస్తాయి. కీపాస్ స్వచ్ఛందంగా నడిచే ప్రాజెక్టు. ఇవి ఉచితం కావడానికి కారణం కనిపిస్తోంది. యాప్ స్టోర్‌లో ఎవరు చేశారో తెలియని, ప్రకటనలు చూపించే "పాస్‌వర్డ్ సేఫ్" తరహా యాప్‌ల జోలికి మాత్రం వెళ్ళకండి.

కోడ్ అందరికీ కనిపిస్తే హ్యాకర్లకే సులువు కదా?

తాళం ఎలా పనిచేస్తుందో తెలిసినంత మాత్రాన తాళంచెవి దొరకదు. మంచి ఎన్‌క్రిప్షన్ పద్ధతులన్నీ బహిరంగంగా ప్రచురించినవే. కోడ్ తెరిచి ఉంటే పరిశోధకులు లోపాలు పట్టుకుని చెప్పగలరు. అయితే ఓపెన్ సోర్స్ అన్న ముద్ర ఒక్కటే చాలదు. బయటి సంస్థలతో ఆడిట్ చేయించి నివేదికలు ప్రచురిస్తున్నారా, లోపం బయటపడితే ఎన్ని రోజుల్లో సరిచేస్తున్నారు అన్నది కూడా చూడాలి.

లాస్ట్‌పాస్ అనే మేనేజర్ హ్యాకయింది కదా. మిగతావాటికీ ఆ గతి పట్టదని ఏంటి?

పట్టదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అప్పుడు ఏం జరిగిందో తెలిస్తే మాత్రం దేన్ని గమనించాలో తెలుస్తుంది. 2022 ఆగస్టులో లాస్ట్‌పాస్ డెవలపర్ల వ్యవస్థలోకి ఒకరు చొరబడ్డారు. తర్వాత ఒక సీనియర్ ఇంజనీర్ ఇంటి కంప్యూటర్‌లో కీలాగర్ (కొట్టిన ప్రతి అక్షరాన్నీ రికార్డు చేసే ప్రోగ్రాము) దూర్చి, ఆయన కొట్టిన మాస్టర్ పాస్‌వర్డ్‌ను పట్టేశారు. ఆ దారిలో వినియోగదారుల వాల్ట్‌ల బ్యాకప్ ప్రతులు దొంగల చేతికి వెళ్ళాయి. ఆ సంగతి కంపెనీ డిసెంబర్‌లో ప్రకటించింది.

వాల్ట్‌లలోని పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయే ఉన్నాయి. కానీ సైటు చిరునామాలు కాలేదు. అంటే ఎవరికి ఎక్కడెక్కడ ఖాతాలున్నాయో బయటపడింది. పైగా మాస్టర్ పాస్‌వర్డ్ నుంచి తాళంచెవి తయారుచేసే లెక్కను ఎన్నిసార్లు తిప్పాలన్న సంఖ్య చాలా పాత ఖాతాల్లో 5,000 దగ్గరే ఉండిపోయింది, కొన్నిట్లో ఇంకా తక్కువ. ఆ సంఖ్య ఎంత పెద్దదైతే ఊహించి చూసేవాడికి అంత ఆలస్యం. కొత్త ఖాతాలకి పెంచిన రక్షణ పాతవాళ్ళకి చేరలేదన్నమాట. నాకు హ్యాక్ కంటే ఎక్కువ కష్టం కలిగించింది ఇదే. ఏళ్ళ తరబడి నమ్మి ఉన్నవాళ్ళే ఎక్కువ ప్రమాదంలో పడ్డారు.

కాబట్టి మూడు విషయాలు చూడండి: చిరునామాలు, నోట్స్‌తో సహా అన్నీ ఎన్‌క్రిప్ట్ అవుతున్నాయా, మీ ఖాతాలో ఆ సంఖ్య ఇప్పటి ప్రమాణంలో ఉందా, తప్పు జరిగినప్పుడు కంపెనీ ఎంత త్వరగా, ఎంత సూటిగా చెప్పింది. రెండోదానికి, మీ మేనేజర్ తాళంచెవి తయారీకి పీబీకేడీఎఫ్2 అనే పద్ధతి వాడుతుంటే 6,00,000 అన్నది భద్రతా నిపుణుల సంస్థ ఓడబ్ల్యూఏఎస్‌పీ సూచన. ఆర్గాన్2 అనే పద్ధతి ఎంచుకునే వీలుంటే అది ఇంకా మేలు.

పాస్‌కీలు వచ్చేశాయి కదా, ఇంక పాస్‌వర్డ్ మేనేజర్ అవసరమా?

పాస్‌కీ అంటే పాస్‌వర్డ్ బదులు వాడే రెండు కీల జత: ఒకటి రహస్యంగా మీ దగ్గర, రెండోది పబ్లిక్ కీగా సైటు దగ్గర ఉంటాయి. ఇది మంచి మార్పు. సైటు దగ్గర ఉండేది పబ్లిక్ కీ మాత్రమే, అది లీకైనా ఎవరికీ పనికిరాదు. నకిలీ సైటులో పాస్‌కీ అసలు పనిచేయదు. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ 2022 మేలో దీన్ని విస్తరిస్తామని కలిసి ప్రకటించాయి. అయితే ఆ పాస్‌కీలను దాచే చోటే మేనేజర్. ఇంకా పాస్‌వర్డ్ తప్ప ఏమీ తెలియని సైట్లు బోలెడున్నాయి. ఒక మేనేజర్ నుంచి ఇంకోదానికి పాస్‌కీలు తరలించడం పాస్‌వర్డ్‌లంత సులువు కాలేదు, కాబట్టి అన్ని పరికరాల్లో పనిచేసే మేనేజర్‌లోనే వాటిని సేవ్ చేయండి.

## మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు

మాస్టర్ పాస్‌వర్డ్ ఎలా ఉండాలి? గుర్తులు, అంకెలు అన్నీ కలపాలా?

గుర్తుల కంటే పొడవు ముఖ్యం. అంతకంటే ముఖ్యం, అది మీ తలలోంచి రాకపోవడం. మనిషి తోచినట్టు ఎంచుకున్న మాటల్లో పేర్లు, పుట్టినరోజులు, ఇష్టమైన పాటలు తెలియకుండానే దూరిపోతాయి. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ చెప్పిన డైస్‌వేర్ పద్ధతి నాకు ఇప్పటికీ అన్నిటికంటే నచ్చుతుంది. 7,776 మాటల పట్టిక ఉంటుంది. పాచికను ఐదుసార్లు వేస్తే వచ్చే ఐదంకెల సంఖ్య ఒక మాటను చూపిస్తుంది. ఇలా ఆరు మాటలు తీయండి. మీ పట్టిక ఏదో దొంగకి తెలిసినా, అతడు ప్రయత్నించాల్సిన కలయికలు 2 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని. పాచిక లేకపోతే మేనేజర్‌లోని పాస్‌ఫ్రేజ్ జనరేటర్ ఇదే పని చేస్తుంది. వచ్చిన మాటలు నచ్చలేదని మార్చుకోకండి, అలా మార్చితే మళ్ళీ మీ ఇష్టాలే వచ్చి చేరతాయి. ఆ ఆరు మాటలతో ఒక వింత దృశ్యం ఊహించుకోండి. వారంపాటు రోజుకి రెండుసార్లు టైపు చేస్తే వేళ్ళకే అలవాటైపోతుంది.

తెలుగు మాటలు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసి. తెలుగు లిపిలో మాత్రం వద్దు. వేరేవాళ్ళ కంప్యూటర్‌లో, కొత్త ఫోన్‌లో మొదటిసారి లాగిన్ అయ్యేటప్పుడు తెలుగు కీబోర్డు ఉండకపోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా ఒక చిక్కుంది. దీర్ఘానికి ఒక అక్షరమా రెండా, ఒత్తుకి హెచ్ పెట్టామా లేదా అన్నది ఆరు నెలల తర్వాత గుర్తుండదు. దీర్ఘాలూ ఒత్తులూ లేని చిన్న మాటలు తీసుకోండి. సామెత, పద్యపాదం, పాట పల్లవి వద్దే వద్దు. నలుగురి నోట్లో నలిగిన వరుస ఎంత పొడవున్నా ఊహకి అందేదే.

మాస్టర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాయడం తప్పు కాదా?

రాయకపోవడమే తప్పు. ఒక కాగితం మీద మాస్టర్ పాస్‌వర్డ్, మేనేజర్ పేరు, ఖాతా ఈమెయిల్, టూ ఫ్యాక్టర్ రికవరీ కోడ్ రాసి, ఇంట్లో ముఖ్యమైన పత్రాలు ఉండేచోట పెట్టండి. రెండో ప్రతి మీరు నమ్మే మనిషి ఇంట్లో, అంటించిన కవరులో. రికవరీ కోడ్‌ను వాల్ట్‌లోనే పెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. వాల్ట్ తెరవడానికి కావాల్సిన కోడ్ వాల్ట్ లోపలే ఉంటే అది ఉన్నా లేనట్టే. కాగితాన్ని ఫోటో తీసి గ్యాలరీలో ఉంచకండి, ఆ ఫోటో ఎన్ని చోట్లకి సింక్ అవుతుందో మీకు తెలియదు.

వేలిముద్రతో తెరుచుకుంటోంది. రోజూ మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టాలా?

రోజూ అక్కర్లేదు, వారానికోసారి కొట్టండి. వేలిముద్ర ఫోన్ దాటి బయటికి వెళ్ళదు, దాన్ని వాడడంలో భయం లేదు. అసలు ప్రమాదం మరపు. ఏడాదిపాటు వేలితో తెరిచినవాళ్ళు ఫోన్ మార్చిన రోజున ఖాళీ పెట్టె ముందు ఆగిపోతారు. పాస్‌వర్డ్‌ను అప్పుడప్పుడు తప్పనిసరిగా అడిగే సెట్టింగ్ ఉంటే ఆన్‌లోనే ఉంచండి.

## పాతవి ఎక్కించేటప్పుడు

రెండువందల ఖాతాలున్నాయి. ఎక్కడ మొదలుపెట్టను?

మొదట ఈమెయిల్. తర్వాత డబ్బుకి సంబంధించినవి, ఫోన్ కంపెనీ ఖాతా, ఫోటోలూ ఫైళ్ళూ ఉన్న క్లౌడ్ ఖాతా. ఈ పది పన్నెండూ ఒక ఆదివారం కూర్చుని మార్చేస్తే పెద్ద ముప్పు తప్పినట్టే. మిగతావాటి కోసం రాత్రుళ్ళు మేలుకోవద్దు. ఏ సైటుకి వెళ్ళాల్సి వస్తే ఆ రోజు దాని పాస్‌వర్డ్ మార్చండి.

ఒక మేనేజర్ నుంచి ఇంకోదానికి మారడం కష్టమా?

పది నిమిషాల పని. పాతదానిలో ఎక్స్‌పోర్ట్ చేస్తే సీఎస్‌వీ ఫైలు వస్తుంది, కొత్తదానిలో దాన్ని ఇంపోర్ట్ చేయాలి. జాగ్రత్తపడాల్సింది ఆ ఫైలు దగ్గరే. అందులో మీ పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో, ఎవరైనా చదివేలా ఉంటాయి. నేను మొదటిసారి మారినప్పుడు ఆ ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో నాలుగు నెలలు పడి ఉంది. ఆ ఫోల్డర్ క్లౌడ్‌కి సింక్ అవుతోందని తర్వాత తెలిసింది. అందులో ఉన్న పాస్‌వర్డ్‌లన్నీ మళ్ళీ మార్చాల్సి వచ్చింది. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు సింక్ ఆపండి, ఇంపోర్ట్ కాగానే ఫైలు తీసేయండి, రీసైకిల్ బిన్‌లోంచీ తీసేయండి. అటాచ్‌మెంట్లు, పాస్‌కీలు ఈ ఫైలులో రావు. అందుకని పాత ఖాతాను ఒక నెల అలాగే ఉంచి, ఏదీ మిగల్లేదని చూసుకున్నాకే మూసేయండి. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాతవి కూడా తుడిచేసి, అక్కడ సేవ్ చేయాలా అని అడగడం ఆపేయండి. లేకపోతే ఒకే సైటుకి రెండు పాస్‌వర్డ్‌లు రెండు చోట్ల ఉండి ఏది సరైనదో తెలియదు.

నా పాస్‌వర్డ్ ఇప్పటికే లీకయిందేమో ఎలా తెలుస్తుంది?

ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సైటులో మీ ఈమెయిల్ ఇస్తే, అది ఏయే లీకుల్లో కనిపించిందో చూపిస్తుంది. పాస్‌వర్డ్‌ను వెతికేటప్పుడు పాస్‌వర్డ్ మొత్తం బయటికి వెళ్ళదు. దాని నుంచి లెక్కగట్టిన హ్యాష్ అనే కోడ్‌లోని మొదటి ఐదు అక్షరాలు మాత్రమే వెళ్ళి, సరిపోల్చడం మీ దగ్గరే జరుగుతుంది. చాలా మేనేజర్లు ఇదే తనిఖీని లోపలే చేసిపెడతాయి.

## రోజూ వాడుకలో

ఆటోఫిల్ ఆన్ చేయొచ్చా? ప్రమాదం అంటున్నారు.

మీరు నొక్కితే నింపేలా పెట్టుకోండి, పేజీ తెరవగానే దానంతటదే నింపడం ఆపేయండి. ఆటోఫిల్ వల్ల వచ్చే పెద్ద మేలు చాలామంది గమనించరు. మేనేజర్ సైటు అసలు చిరునామాను చూసి నింపుతుంది. కంటికి అచ్చం అలాగే కనిపించే నకిలీ సైటులో అది మౌనంగా ఉండిపోతుంది. రోజూ నింపే చోట ఒకరోజు నింపలేదంటే, కాపీ చేసి అంటించే ముందు చిరునామా అక్షరం అక్షరం చదవండి.

ప్రమాదం లేకపోలేదు. 2025 ఆగస్టులో డెఫ్ కాన్ అనే హ్యాకర్ల సదస్సులో మారెక్ తోత్ అనే పరిశోధకుడు, దొంగ పేజీలు మేనేజర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి జోడించే భాగం) చూపించే పెట్టెను కనిపించకుండా చేసి మీ చేతే నొక్కించగలవని చూపించాడు. తర్వాత పలు మేనేజర్లు సవరణలు తెచ్చాయి. ఎక్స్‌టెన్షన్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయండి. క్రోమ్ తరహా బ్రౌజర్లలో ఎక్స్‌టెన్షన్‌కి సైట్ల అనుమతిని "నొక్కినప్పుడు మాత్రమే" అని పెట్టుకుంటే ఇంకాస్త భద్రం.

ఓటీపీ కోడ్‌లు కూడా అదే మేనేజర్‌లో పెట్టుకోవచ్చా?

30 సెకన్లకోసారి మారే అథెంటికేటర్ కోడ్‌ల సంగతైతే, మామూలు ఖాతాలకి పెట్టుకోవచ్చు. రెండూ ఒకేచోట ఉంటే రెండో అడ్డంకి కొంత బలహీనపడుతుందన్నది నిజం. అయినా అసలు టూ ఫ్యాక్టర్ పెట్టుకోకపోవడం కంటే అది వెయ్యి రెట్లు నయం. ఈమెయిల్‌కీ, మేనేజర్ ఖాతాకీ మాత్రం కోడ్‌లు విడి యాప్‌లో, వీలైతే హార్డ్‌వేర్ కీ అనే చిన్న విడి పరికరంలో ఉంచండి. ఆ యాప్‌కి బ్యాకప్ ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

మూడు నెలలకోసారి అన్నీ మార్చాలా?

అక్కర్లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే గడువు పెట్టి మార్పించడం వద్దంది. లీకయిందని తెలిసినా, ఎవరికైనా తెలిసిపోయినా వెంటనే మార్చండి.

తల్లి పేరు, మొదటి బడి పేరు లాంటి ప్రశ్నలకి ఏం రాయాలి?

నిజం రాయకండి. బంధువులందరికీ తెలిసినవే అవి. జనరేటర్ ఇచ్చిన ఏవో రెండు మాటలు రాసి, ఆ ఖాతా నోట్స్‌లో దాచుకోండి.

ఇంట్లోవాళ్ళతో కొన్ని పాస్‌వర్డ్‌లు పంచుకోవాలి. మెసేజ్ చేస్తే?

మెసేజ్ రెండు ఫోన్లలోనూ, వాటి బ్యాకప్‌లలోనూ ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. మేనేజర్‌లోని షేరింగ్ వాడండి. పాస్‌వర్డ్ మార్చినప్పుడు అవతలివాళ్ళకీ దానంతటదే మారుతుంది. బిట్‌వార్డెన్ ఉచిత ప్లాన్‌లో ఇద్దరు పంచుకోవచ్చు, ఆపిల్ యాప్‌లో గ్రూపులు కట్టుకోవచ్చు. వన్‌పాస్‌వర్డ్ కుటుంబ ప్లాన్‌లో ఇంకో మేలుంది: ఇంట్లో ఒకరు మాస్టర్ పాస్‌వర్డ్ మరచిపోతే నిర్వాహకులుగా ఉన్నవాళ్ళు వాళ్ళ ఖాతాను తిరిగి ఇప్పించగలరు. మతిమరుపు ఉన్న పెద్దవాళ్ళ కోసం చూస్తుంటే ఈ ఒక్క కారణంతోనే దాన్ని ఎంచుకోవచ్చు.

## తేడా వచ్చినప్పుడు

మాస్టర్ పాస్‌వర్డ్ మరచిపోయాను. ఇప్పుడేం చేయాలి?

ముందు ఏ పరికరంలోనూ లాగౌట్ కాకండి, యాప్ తీసేయకండి. పాత ట్యాబ్, ఇంకో కంప్యూటర్, ఎక్కడైనా వేలిముద్రతోనో ముఖంతోనో తెరుచుకుంటోందేమో చూడండి. తెరుచుకుంటే ముఖ్యమైన ఖాతాల పాస్‌వర్డ్‌లు కాగితం మీదికి ఎక్కించండి. ఎక్స్‌పోర్ట్ మాస్టర్ పాస్‌వర్డ్ అడగొచ్చు కాబట్టి చేత్తో రాయడమే నమ్మకమైన దారి. మీరు పెట్టుకున్న హింట్ ఈమెయిల్‌కి తెప్పించుకోండి. ఎమర్జెన్సీ యాక్సెస్ (అవసరమైనప్పుడు మీ వాల్ట్ తెరిచే హక్కు) ఎవరికైనా ఇచ్చి ఉంటే వాళ్ళని అడగండి. ఏ దారీ లేకపోతే కొత్త ఖాతా తెరిచి, ఈమెయిల్‌తో మొదలుపెట్టి ఒక్కో సైటులో పాస్‌వర్డ్ రీసెట్ చేసుకుంటూ రావాలి. రెండు మూడు రోజుల శ్రమ, అయినా దాదాపు అన్నీ తిరిగొస్తాయి.

ఫోన్ పోయింది. వాల్ట్ కూడా పోయినట్టేనా?

కాదు. క్లౌడ్ మేనేజర్ అయితే వాల్ట్ సర్వర్‌లో ఉంది, ఫోన్‌లో ఉన్న కాపీకి తాళం వేసి ఉంది. వేరే పరికరం నుంచి ఫోన్‌ను లాక్ చేయండి, మేనేజర్‌లో ఆ ఫోన్ సెషన్‌ను తీసేయండి, సిమ్ ఆపించండి. ఫోన్ పిన్ దొంగకి తెలిసి ఉండొచ్చని ఏమాత్రం అనుమానం ఉన్నా ఈమెయిల్, డబ్బు ఖాతాల పాస్‌వర్డ్‌లు అదే రోజు మార్చండి.

ఆ కంపెనీ మూతపడితే?

ఇది జరుగుతూనే ఉంది. ఫైర్‌ఫాక్స్ లాక్‌వైజ్ 2021లో ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ అథెంటికేటర్ యాప్‌లో పాస్‌వర్డ్‌ల సదుపాయం 2025 ఆగస్టుకి తీసేశారు. డ్రాప్‌బాక్స్ పాస్‌వర్డ్స్‌ను 2025 అక్టోబర్ 28న మూసేశారు. ఇలాంటప్పుడు ముందు గడువు ఇస్తారు, కానీ ఆ ఈమెయిల్ మన కంట పడాలి. అందుకే ఏడాదికి రెండుసార్లు వాల్ట్‌ను ఎన్‌క్రిప్టెడ్ ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ఆ ఎక్స్‌పోర్ట్‌కి విడి పాస్‌వర్డ్ పెట్టే వీలుంటే అదే ఎంచుకోండి. ఖాతాతో ముడిపడిన తరహా ఫైలు ఆ ఖాతా లేకుండా తెరుచుకోదు.

నాకేమైనా అయితే ఇంట్లోవాళ్ళకి ఇవన్నీ ఎలా అందుతాయి?

బిట్‌వార్డెన్ ప్రీమియంలో ఎమర్జెన్సీ యాక్సెస్ ఉంది. మీరు నమ్మినవాళ్ళు అడిగాక, మీరు పెట్టిన గడువు లోపల మీరు కాదనకపోతే వాళ్ళకి వాల్ట్ తెరుచుకుంటుంది. మీ తర్వాత మీ ఖాతా తెరిచే మనిషిగా పెట్టే ఆపిల్ లెగసీ కాంటాక్ట్‌ను నమ్ముకుని ఉంటే ఒక సంగతి గమనించండి: దానితో ఫోటోలూ ఫైళ్ళూ అందుతాయి గానీ కీచెయిన్‌లోని పాస్‌వర్డ్‌లు అందవు. కీపాస్ అయితే ఫైలు ఎక్కడుందో, ఏ యాప్‌తో తెరవాలో కూడా రాసిపెట్టాలి. మేనేజర్ ఏదైనా, బీరువాలోని కవరు గురించి ఇంట్లో ఒకరికి ఇప్పుడే చెప్పండి. చెప్పి ఊరుకోకుండా, మీరు పక్కన కూర్చుని, వాళ్ళ చేత్తో ఆ కాగితం చూసి వేరే పరికరంలో ఒకసారి లాగిన్ చేయించండి. కాగితంలో ఏం రాయడం మరచిపోయారో అప్పుడే బయటపడుతుంది.